రాతిపిండి మీద ఆయిల్ మరక

"ఆయిల్ కారే బండి ఈ జిల్లాలో ఇదొక్కటేనా సార్?" అని అడిగింది శివలీల.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు సీఐ జయరాజ్ నవ్వాడు. "శానా ఉంటాయి మేడం. కానీ రోజూ మొబ్బున ఈ ఫ్యాక్టరీ గేటు కాడికి వచ్చే బండి మాత్రం ఇదొక్కటే. మీరు ఇన్సూరెన్సు కంపెనీకి బండ్ల సొట్టలు చూసిపెట్టినోళ్లు. ఇది సొట్ట కాదు, మనిషి ప్రాణం."

"మనిషి ప్రాణమనే వచ్చినాను సార్. లేకపోతే ఈ ఎండలో మీ మొగం చూసేకి ఎవరొస్తారు?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి టోపీ సర్దుకున్నాడు.

సంగతి ఇదీ. బేతంచెర్ల దగ్గర నారాయణ అనే ఆసామికి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. మొన్న తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ ముసలి వాచ్‌మన్ సుబ్బయ్య గేటు పక్కన రక్తపు మడుగులో కనిపించాడు. ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. తల పగిలింది, తుంటి విరిగింది. కర్నూలు పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. దొరికిన ఆధారం ఒక్కటే, గేటు పక్కన పేర్చిన బండల వెనక నేల మీద ఒక ఆయిల్ మరక.

ఆయిల్ అనగానే ఆ చుట్టుపక్కల అందరి నోటా వచ్చే పేరు పరమేష్. సొంత పికప్ బండిలో ఫ్యాక్టరీ నుంచి బండలు తోలుతాడు. ఆ బండి వెళ్లిన దారి కనుక్కోవాలంటే చుక్కల వెంట నడిస్తే చాలని ఊళ్లో ఎగతాళి. టీ కొట్టువాడైతే తన అరుగు ముందు ఆ బండిని ఆపనివ్వడు. జయరాజ్‌కు ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా పరమేష్ లాకప్పులో ఉన్నాడు. ఈరోజు బండితో సహా సీన్ దగ్గరికి తీసుకొచ్చి పంచనామా ముగించి, మధ్యాహ్నం కోర్టులో హాజరుపెట్టాలి. ఆ తర్వాత జైలు. సుబ్బయ్య కన్ను మూస్తే కేసు ఇంకా బరువెక్కుతుంది. లైసెన్సు పోతుంది, బండి పోతుంది, పరమేష్ భార్య గిడ్డమ్మ కూలికి పోవాలి. ఆ గిడ్డమ్మే నిన్న బస్సెక్కి కర్నూలు వచ్చి శివలీల ఆఫీసు మెట్ల మీద కూర్చుంది, ఈరోజు ఆమె వెంటే ఇక్కడికీ వచ్చింది.

శివలీల చాలా ఏళ్లు మోటారు బండ్ల సర్వేయరుగా పనిచేసి, మానేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. తను చెప్పిందే నిజమైనప్పుడు ఆ ఆనందాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాదు. దానివల్ల శత్రువులు కొందరు తయారయ్యారు. వాళ్లలో జయరాజ్ ముందు వరసలో ఉంటాడు. కడప కోర్టులో ఆమె సాక్ష్యంతో ఒక కేసు ఓడిపోయినప్పటి నుంచి ఆమె పేరు వింటే చాలు, ఆయన మీసం అదిరేది. చెడ్డవాడు కాదు. దొరికిన తాడుతో దొరికినవాణ్ని కట్టేసే తొందర మాత్రం ఉంది. ఈరోజు ఆమెను రానిచ్చింది కూడా నలుగురి ముందూ ఓడిద్దామనే.

శివలీల ముందుగా జీపు దగ్గరికి వెళ్లింది. పరమేష్ బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. రెండు రోజులకే మనిషి సగమయ్యాడు.

"ఆ పొద్దు మొబ్బున యాడుంటివి పరమేషూ?"

"దావలో మేడం. రోజూ బండి పక్కకు ఆపి డిప్‌స్టిక్ చూసుకొని ఆయిల్ పోసుకుంటా. ఆ పొద్దు డబ్బా ఖాళీ. షాపు తెరిచేదాంక అరుగు మీద కూర్చొని, కొనుక్కొని, పోసుకొని వచ్చేతలికి ఈడ జనం మూగినారు."

"గుద్దేసి పోయి షాపు ముందర కూర్చున్నాడు," అన్నాడు జయరాజ్. "తెల్లారక ముందు అరుగు మీద ఉన్నట్టు చెప్పేకి ఒక్కడు లేడు."

"ఓనరుకూ నీకూ ఏమన్నా మాట పట్టింపు ఉండాదా?"

పరమేష్ కళ్లు ఒక్క క్షణం నారాయణ వైపు పోయి మళ్లీ నేల మీద పడ్డాయి. "ఏం లేదు మేడం."

జవాబు మరీ తొందరగా వచ్చింది. శివలీల దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుంది. నారాయణ మాత్రం రేకుల షెడ్డు నీడలో నిలబడి అందరికీ టీలు ఇప్పిస్తున్నాడు. తెల్ల చొక్కా, మెడలో గొలుసు, ముఖంలో దయ.

"ఆ పిల్లోని మీద నాకేం కోపం లేదమ్మా," అన్నాడు ఆమెతో. "తప్పు జరిగింది. ఒప్పుకుంటే లాయరును నేనే పెడతా. సుబ్బయ్య ఆసుపత్రి ఖర్చు కూడా నాదే."

"మీకూ ఒక పికప్ ఉండాదే అన్నా. అదే కంపెనీ, అదే తెలుపు."

"ఉండాది. కానీ నా బండి అడుగున తెల్ల గుడ్డ పరిస్తే సాయంత్రానికి తెల్లగానే ఉంటాది. ఏడాదిగా ఇంజనుకు స్పానర్ తగలనీయలే."

"అదృష్టవంతులు," అంటూ శివలీల గేటు వైపు నడిచింది.

గేటు లోపలివైపు ఎడమ పక్కన అమ్మకానికి సిద్ధమైన బండలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక ఒక బండి నిలవడానికి సరిపడా చోటు. అక్కడ నేలంతా పాలిష్ మిషన్ల నుంచి వచ్చిన రాతిపిండి, ఎండి మెత్తగా పరుచుకుంది. ఆ పిండి మధ్యలో జొన్నరొట్టెంత నల్లటి మరక.

శివలీల మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్‌ను మరక అంచు కింద దూర్చి మెల్లగా లేపింది. మరక మరక మాదిరిగా రాలేదు, రొట్టె మాదిరిగానే లేచి వచ్చింది. పైనుంచి అడుగుదాకా ఆయిల్ తాగి గట్టిపడిన పిండి, వేలెడు మందం. దాని చుట్టూ చూసింది. అటు చిట్లిన చుక్క లేదు, ఇటు జల్లు లేదు. ఉన్న ఆయిలంతా ఒకే చోట, చుక్క మీద చుక్కగా దిగింది.

ఆమె పెదవుల మీద నవ్వు మొలిచింది. గిడ్డమ్మ అది చూసింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు గుండె నిండా ఊపిరి అందింది.

"ఏమైంది మేడం, మరక మాట్లాడిందా?" అన్నాడు జయరాజ్.

"మాట్లాడింది సార్. దుబాసీ కావాల మీకు. పరమేష్ బండి బానెట్ తెరిపించండి."

"చూసి ఏం చేస్తారు? కారుతాండాది కదా. వాడే ఒప్పుకుంటాండాడు."

"కారుతాండాదని అందరికీ తెలుసు. యాడ కారుతాండాదో ఎవరన్నా చూసినారా? ఆయిల్ పుట్టేదొక చోట, చుక్క పడేదొక చోట. పైన పుట్టింది ఇంజను ఒళ్లంతా పాకి, గాలికి ఎనక్కి కొట్టుకొని, అడుగున యాడో రాలుతాది. రాలిన చోటు చూసి దొంగను పట్టుకుంటే ఎప్పుడూ పక్కోడే దొరుకుతాడు."

ఆ మాట ఇంజను గురించో తన గురించో జయరాజ్‌కు బాగానే అర్థమైంది. మీసం అదిరింది. అయినా కానిస్టేబుల్‌కు సైగ చేశాడు.

శివలీల చొక్కా చేతులు మడిచింది. డీజిల్లో ముంచిన బ్రష్షుతో ఇంజనును పైనుంచి కిందిదాకా రుద్దింది. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు, రాతిపిండి కలిసి పెళ్లలు పెళ్లలుగా ఊడిపడ్డాయి. నీళ్లు కొట్టి, ఫ్యాక్టరీ కంప్రెషర్ గాలితో ఆరబెట్టించింది. ఆ తర్వాత సంచిలోంచి ఒక పొట్లం తీసింది. అందులో ఉన్నది ముగ్గుపిండి. దాన్ని గుడ్డలో మూటకట్టి, పసిబిడ్డకు పౌడరు అద్దినట్టు ఇంజనంతా అద్దింది. కూలీలు పని ఆపి చుట్టూ చేరారు. ఇంజనుకు ముగ్గు పెట్టే ఆడమనిషిని వాళ్లు ఇంతకుముందు చూడలేదు.

బండి కింద నేల మీద కూడా శుభ్రమైన రాతిపిండి పరిపించింది.

"స్టార్ట్ చేయండి."

ఇంజను కదిలింది. శివలీల టార్చి పట్టుకుని వంగింది. జయరాజ్ కూడా, ఆసక్తి లేనట్టు నటిస్తూనే, వంగాడు. కాసేపు అంతా తెల్లగానే ఉంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కించింది. అప్పుడు, ఇంజను పక్కన బాగా పైకి, ఒంటి తీగ తగిలించిన చిన్న ఇత్తడి బిరడా చుట్టూ ముగ్గుపిండి తడిసి నల్లబడింది. నలుపు గీతగా సాగింది. ఫ్యాను గాలి తగిలి గీత చీలిపోయింది, అడుగుకు చేరేసరికి తుంపర్లై నేల మీద బారెడు మేర చిలకరించినట్టు పడింది.

"ఇదీ మన దొంగ," అంది శివలీల. "ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. ఇంజను తిరిగేటప్పుడు ఆయిల్ దీని వరకూ ఒత్తిడితో తోసుకొస్తాది. లోపల రబ్బరు పోయినందుకు బయటికి చిమ్ముతాంది. ఇప్పుడు ఆపండి."

ఇంజను ఆగింది. ఆమె కింద పరిచిన పిండిని మార్పించి, కొత్తది పోయించింది. "ఇప్పుడు టీ తాగుదాం సార్. తొందరేం లేదు."

టీలు వచ్చాయి. తాగారు. జయరాజ్ రెండోది కూడా తాగాడు. ఆమె ఆయన్ను చెయ్యి పట్టి పిలిచినంత పని చేసి బండి కిందికి చూపించింది. కొత్త పిండి మీద ఆవగింజల్లాంటి చుక్కలు నాలుగైదు, అవీ మొదట్లో రాలినవే. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇంజను ఆగితే ఒత్తిడి పోయింది, కారేది నిలిచిపోయింది. ఈ బండి ఉరికేటప్పుడే ఏడుస్తాది, నిలబడితే ఏడవదు. గిడ్డమ్మా, మీ ఇంటి ముందర రేయంతా ఈ బండి యాడ నిలబెడతాడు మీ ఆయన?"

"వాకిట్లోనే అక్కా. నా ముగ్గు పక్కనే."

"ఎప్పుడన్నా ముగ్గు మీద ఆయిల్ పడిందా?"

"ఒక్క నాడు పడలే. పడుంటే ఆయన్ను ఇంట్లోకి రానిస్తానా?"

కూలీలు గట్టిగా నవ్వారు. నిన్న ఆఫీసు మెట్ల మీద గిడ్డమ్మ ఏడుపు మధ్యలో అన్న ఆ ఒక్క మాటే శివలీల చెవిలో గంట కొట్టింది. అందుకే ఇక్కడికి వచ్చేదారిలో కొత్త స్విచ్చి ఒకటి కొని సంచిలో వేసుకుంది.

జయరాజ్ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "ఇంజను ఆపకుండానే బండల ఎనక నిలబెట్టి ఉంటాడు. అట్లయితే కారదా?"

"కారుతాది. ఇప్పుడే చూస్తిరి కదా, ఎట్ల పడిందో. ఫ్యాను గాలికి బారెడు మేర జల్లు. మీ మరక సూడండి." ఆమె ఆయిల్ రొట్టెను అట్ట మీద పెట్టి ఆయన ముందుకు జరిపింది. "చుక్క మీద చుక్క. గాలి లేదు, కదలిక లేదు. ఇంజను ఆపి శానాసేపు నిలబెట్టిన బండి అడుగు నుంచి దిగిన ఆయిల్ ఇది. పరమేష్ బండి ఇట్లాంటి రొట్టె చేయాలన్నా చేయలేదు."

మాట్లాడుతూనే పాత స్విచ్చి విప్పి, కొత్తది బిగించి, తుడిచి, మళ్లీ ముగ్గుపిండి అద్ది ఇంజను స్టార్ట్ చేయించింది. యాక్సిలరేటర్ తొక్కినా, ఎంతసేపు తిప్పినా, పిండి తెల్లగానే ఉంది. ఒక కూలీ ఈల వేశాడు. జీపులోంచి పరమేష్ మెడ చాచి తన ఇంజను వైపు చూస్తున్నాడు. ఆ బండి అంత పొడిగా ఉండగా అతను చూడక ఎన్నేళ్లయిందో.

శివలీలకు ఆ క్షణం గెలిచినంత సంతోషం కలిగింది. కానీ సగమే గెలిచింది. ఈ బండి కాదని తేలింది. మరి ఏది?

"సరే," అన్నాడు జయరాజ్, గొంతు తగ్గించి. "ఇది కాదనుకుందాం. అయితే ఏది?"

జవాబు చెప్పకుండా శివలీల షెడ్డు పక్కన నిలిపిన నారాయణ పికప్ దగ్గరికి వెళ్లింది. ఎండలో మెరుస్తూ, ముందు లావుపాటి ఇనుప గార్డు తగిలించుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాని కింద నిజంగానే ఒక చుక్క కూడా లేదు. ఆమె ముందు టైరు దగ్గర కూర్చుంది. టైరు గాడుల్లో ఏదో నల్లగా ఎండిపోయింది. మడ్‌గార్డు అంచున అతుక్కుని చిన్న ఎర్రటి ఈక.

"కోడిని ఎప్పుడు కోసినారు అన్నా?"

నారాయణ టీ గ్లాసు కింద పెట్టాడు. "అమావాస్యకు. ప్రతి అమావాస్యకూ చేసేదే."

"అమావాస్య పోయి శానా దినాలయింది. ఈ నెత్తురు మొన్నటిది. అయినా అమావాస్యకు గుమ్మడికాయ కొడతారు, నిమ్మకాయలు తొక్కిస్తారు. కోడిని ఎట్లాంటి బండికి ఇస్తారు మనకాడ?"

కూలీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లకు తెలియనిది కాదు. యజమాని ముందు అనడానికి నోరు రాలేదు, అంతే. చివరికి గిడ్డమ్మ అంది, నెమ్మదిగానే అయినా అందరికీ వినబడేట్టు.

"మనిషి నెత్తురు చూసిన బండికి ఇస్తారక్కా. ఇంకోసారి అడగకుండా."

ఆ సీమలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. బండి ఒకసారి మనిషిని గుద్దితే దానికి రుచి తగులుతుందని, కోడిని తిప్పి టైర్ల మీద కోస్తే శాంతిస్తుందని పెద్దల నుంచి వస్తున్న నమ్మకం. నారాయణ పోలీసులను ఏమార్చగలిగాడు, ఊరిని ఏమార్చగలిగాడు. తన బండికి మాత్రం భయపడ్డాడు. కోడిని ఇవ్వకుండా ఆ స్టీరింగ్ మళ్లీ పట్టుకునే ధైర్యం అతనికి లేకపోయింది.

"అదేం లేదమ్మా," అన్నాడు నారాయణ. "ఇంజను పని చేయించినాం. పని అయినాక కోడిని ఇచ్చినాం. దానికి ఇంత రభసేంటికి?"

శివలీల మెల్లగా లేచి నిలబడి చేతులు దులుపుకుంది. ఆమె ముఖం వెలిగిపోతోంది, దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఏడాదిగా ఇంజనుకు స్పానర్ తగలనీయలేదంటిరే?"

షెడ్డులో మిషన్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

ఆమె టార్చి తీసుకుని బండి కిందికి వంగబోయింది. అప్పుడు జయరాజ్ చేసిన పని ఎవరూ అనుకోనిది. "టార్చి ఈడియండి మేడం," అని అందుకుని, ఇస్త్రీ యూనిఫామ్‌తోనే రాతిపిండిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు.

"ఏం కనబడుతాంది సార్?"

"అంతా బండల దుమ్ము పట్టి బూడిదగా ఉండాది. ఇంజను అడుగున తొట్టి మాదిరిది మాత్రం..." టార్చి వెలుగు అక్కడే నిలిచింది. "కొత్తది. పెయింటు కూడా కాలలే. అంచు పొడుగూ పేస్టు బయటికి ఉబికి ఉండాది. బోల్టులు మెరుస్తాండాయి."

"దాన్ని ఆయిల్ చాంబర్ అంటారు సార్. ఇంజను ఆగినాక ఆయిలంతా దిగి నిలిచేది దాంట్లోనే. అది పగిలితే బండి నిలబడినంతసేపూ చుక్క మీద చుక్క ఒకే చోట పడుతాది. నిన్నో మొన్నో మార్పించినారు. మరకను తుడిపించలేదు ఏమిటికంటే, ఆయిల్ అంటే ఊరంతా పరమేష్ పేరే చెబుతాదని తెలుసు."

జయరాజ్ బయటికి వచ్చాడు. వీపంతా తెల్లగా, మీసం కూడా తెల్లగా. దులుపుకోలేదు. కానిస్టేబుల్‌ను చూసి, "పరమేష్‌కు బేడీలు తీ," అన్నాడు.

గిడ్డమ్మ పరుగెత్తుకెళ్లి జీపు దగ్గర నిలబడింది. బేడీ ఊడిన చేతిని రెండు చేతులా పట్టుకుని మణికట్టు మీద నలిగిన చోట రుద్దుతూ ఉండిపోయింది.

నారాయణ షెడ్డు స్తంభానికి ఆనుకున్నాడు. ఆ తర్వాత లోపలి నుంచి బరువేదో దించుకున్నట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే సార్. నేనే. మొబ్బులో కనబడలే. సుబ్బయ్య బండికి అడ్డమొచ్చినాడు. భయపడి చెప్పలే. యాక్సిడెంటు సార్, కావాలని చేసింది కాదు. రాసుకోండి, సంతకం పెడతా."

మాటల్లో తడబాటు లేదు. యాక్సిడెంటు అంటే సాయంత్రానికి బెయిలు వస్తుందని అతనికి తెలుసు. జయరాజ్ కూడా పెన్ను తీశాడు. కేసు తేలింది, దోషి ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి?

"రాయొద్దు సార్," అంది శివలీల. "దావన పోయే బండికి మనిషి అడ్డమొస్తే యాక్సిడెంటు. ఈ బండి దావన పోలేదు. బండల ఎనక, ఇంజను ఆపి, లైట్లు ఆర్పి, వేలెడు మందం రొట్టె తయారయ్యేదాంక కాచుకొని ఉండాది."

జయరాజ్ పెన్ను చేతిలోనే ఆగిపోయింది. ఆమె వైపు చూసిన చూపులో ఈసారి పోటీ లేదు. నారాయణ వైపు తిరిగాడు. "ఎవరి కోసం కాచుకొని ఉంటివి? సుబ్బయ్య కోసమా? ఆ ముసలోడు నిన్నేం చేసినాడు?"

నారాయణ చూపు గేటు మీద నుంచి పక్కకు తిప్పుకున్నాడు.

శివలీలకు కూడా అక్కడే ముడి పడింది. చెవులు సరిగా వినబడని ముసలి వాచ్‌మన్ మీద ఎవరికి పగ ఉంటుంది? ఆమె గేటు వైపు చూసింది. గేటుకు లోపలి నుంచి ఇనుప గొలుసు. రోడ్డు మీది నుంచి చెయ్యి దూర్చి తీసుకునేట్టు వేలాడుతోంది.

"పరమేషూ. రోజూ మొబ్బున ఈ గొలుసు తీసేదెవరు?"

"నేనే మేడం. సుబ్బయ్య తాతకు హారన్ కొట్టినా వినబడదు. లేపడం ఏమిటికని బండి రోడ్డు మీద ఆపి, నేనే దిగి వచ్చి తీస్తా."

"సలికి తలకు ఏం కట్టుకుంటావు?"

"తువ్వాల."

"సుబ్బయ్య?"

"తాత కూడా తువ్వాలే..." అని పరమేష్ ఆగిపోయాడు. గిడ్డమ్మ అతని చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆరోజు పరమేష్ రాలేదు. ఎంతకీ బండి రాకపోయేసరికి సుబ్బయ్యే లేచి, తువ్వాలు తలకు చుట్టుకుని, గొలుసు తీసి చూద్దామని వెళ్లాడు. చీకట్లో గేటు దగ్గర తువ్వాలు కట్టిన మనిషి ఆకారం కనబడగానే బండల వెనక ఇంజను స్టార్టయింది. పరమేష్ అప్పుడు ఖాళీ ఆయిల్ డబ్బా పక్కన పెట్టుకుని షాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఎగతాళి చేసిన ఆ కారడమే ఆ పొద్దు అతని ప్రాణం కాపాడింది. తప్పించుకున్న మనిషిని చంపలేక నారాయణ జైలుకు పంపబోయాడు.

"నిన్ను చంపాలనుకున్నాడప్పా," అంది శివలీల. ఆమె గొంతులో ఇంతసేపూ ఉన్న చిలిపితనం లేదు. "ఏమిటికో నీకు తెలుసు. ఇందాక అడిగితే తల వంచుకున్నావు. ఇప్పుడు వంచుకోవాల్సిన పని లేదు."

"రేయ్ పరమేషూ," అన్నాడు నారాయణ. అంతకంటే ఏమీ అనలేదు. ఆ పిలుపులోనే మిగతాదంతా ఉంది. పరమేష్ ఒకసారి భార్యను చూశాడు.

"చెప్పు," అంది గిడ్డమ్మ. "నన్నేమన్నా చేస్తారని కదా నోరు మూసుకుంటివి. నేను ఈడనే ఉండా. ఇంతమందిలో నన్నేం చేస్తారో చేయనీ. చెప్పు."

పరమేష్ నడిచాడు. నారాయణ ముందు నుంచే, తల ఎత్తుకుని, గేటు పక్కన పేర్చిన బండల దాకా నడిచి రెండో వరస మీద చెయ్యి వేశాడు. "పైవి నాలుగు తీయండన్నా," అన్నాడు కూలీలతో. నిన్నటిదాకా నారాయణ కేకేస్తే తప్ప కదలని కూలీలు అతని వైపు చూడకుండానే బండలు దించారు. నాలుగో బండ లేచేసరికి అడుగున బండలు లేవు. లోపల గుల్ల చేసిన గూడు, అందులో గోనెపట్టాలు చుట్టి పేర్చిన దుంగలు. జయరాజ్ ఒక పట్టా చింపాడు. ఎర్రచందనం, తడిసిన కుంకుమ రంగులో.

"రాజంపేట అవతల కొండల్లోంచి వస్తాయి సార్," అన్నాడు పరమేష్. "ఆ రాళ్ల దావలో ఆయన బండి అడుగు కొట్టుకొని చాంబర్ పగిలింది. అందుకని ఈసారి నా బండిలో తెమ్మన్నాడు. తేనంటి. ఎవరికన్నా చెబితే గిడ్డమ్మ ఉండదన్నాడు."

"ఇట్లాంటి గూళ్లు ఇంకా ఉండాయా?"

పరమేష్ చెయ్యెత్తి ఆవరణలో వరసగా నిలబడిన బండల కుప్పలన్నిటినీ ఒక్కొక్కటిగా చూపించాడు. నారాయణ నిలబడలేక స్తంభం పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో పక్కా చేరారు.

జయరాజ్ తన కోసం వేసిన కుర్చీని ఎత్తి తెచ్చి నీడలో పెట్టాడు. ఉదయం నుంచి "ఏరా" తప్ప ఇంకో పిలుపు తెలియని ఆ నోరు కొంచెం కష్టపడింది.

"పరమేషప్పా, ఈడ కూర్చో," అన్నాడు. "మొదటి నుంచి చెప్పు. నేను రాసుకుంటా."